ఉరుకుడు అందరిదైతే గేటు కాడ కావలెందుకు?

2030ల కామన్వెల్త్ ఆటలు అహ్మదాబాద్‌ల పెడుతున్నరు. 2025 నవంబర్‌లనే ఖాయమైంది. 2036 ఒలింపిక్స్ గూడ మాకే ఇయ్యున్రి అని మన దేశం ఒలింపిక్ కమిటీకి ఉత్తరం రాసింది. సంబురమే. కాని గీ ముచ్చట ఇన్నప్పుడల్ల నాకు తొమ్మిదో తరగతి యాదికొస్తది.

జోనల్ పోటీలల్ల 400 మీటర్ల ఉరుకుడు. ఒట్టి కాళ్లతోని లైన్ల నిలవడ్డ. "బూట్లు లేకుంటె పక్కకు జరుగు" అన్నడు ఒక సారు. ఉరికి ఓడిపోయుంటె మర్సిపోయేటోన్ని. ఉరకనియ్యలే. అందుకే మర్సిపోలే.

తర్వాత సదువుకుంటె తెలిసింది, ఆటల చరిత్ర నిండ గిదే కథ ఉన్నదని. ఎవలు గెలిసిన్రన్నది పుస్తకాలల్ల రాస్తరు. ఎవలను గేటు కాన్నే ఆపిన్రో తక్కువ రాస్తరు.

గ్రీసు దేశంల ఒలింపియా అనే జాగ. క్రీస్తుకు ముందు 776ల గెలిసినోని పేరు కొరోయిబస్. వంట మనిషి అని చెప్తరు. ఉరికింది ఒక్కటే పందెం, సుమారు 192 మీటర్లు. కాని అండ్ల దిగాలంటె గ్రీకు మొగోడై ఉండాలె, బానిస కావొద్దు. పెండ్లయిన ఆడోళ్లు సూడనీకి గూడ రావొద్దు. గెలిసినోనికి ఆలివ్ కొమ్మల కిరీటం పెట్టేటోళ్లు. ఉత్త కిరీటమే అనుకునేరు! ఏథెన్స్‌ల అయితే సర్కారు ఖర్సుతోని బతికినన్ని రోజులు బువ్వ పెట్టేటోళ్లు. పైసల్లేని పవిత్రమైన ఆట అన్నది తర్వాతోళ్లు అల్లిన కథ.

ఆ కథ అల్లింది ఇంగ్లండ్ దొరలు. 1866ల లండన్‌ల అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ పెట్టుకోని రూల్ రాసుకున్నరు: మెకానిక్, చేతిపని చేసెటోడు, కూలోడు మాతోని ఉరకొద్దు. పైకి చెప్పేది పైసల కోసం ఆడొద్దని. లోపల మతలబు మాత్రం కష్టం చేసేటోనితోని ఓడిపోవొద్దని. ఆ మాట 1880ల తీసేసిన్రు గని, ఆ బుద్ధి పోలే.

1896ల ఏథెన్స్‌ల కొత్త ఒలింపిక్స్ షురువైనయి. ఆడోళ్లు ఒక్కలు గూడ లేరు. మారథాన్ గెలిసిందెవలో ఎరుకేనా? స్పిరిడాన్ లూయిస్, నీళ్లు మోసి అమ్ముకునేటోడు.

1912ల జిమ్ థోర్ప్ అనే అమెరికా ఆదివాసీ బిడ్డ స్టాక్‌హోమ్‌ల రెండు బంగారు పతకాలు గెలిసిండు. అంతకు ముందు జీతం తీసుకోని బేస్‌బాల్ ఆడిండని రెండూ గుంజుకున్నరు. 1953ల ఆయన సచ్చిపోయిండు. పతకాలు పిల్లల చేతికి వచ్చింది 1983ల. ఆయనొక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022ల. నూట పదేండ్లు పట్టింది!

ఆడోళ్లది గూడ గసొంటి కథనే. 1928ల 800 మీటర్లు ఉరికినంక కొందరు ఆయాసపడ్డరని ఆ పందాన్నే తీసేసిన్రు. మళ్ల పెట్టింది 1960ల. మరి మొగోళ్లు ఆయాసపడరా?

ఇప్పుడు రూల్ పుస్తకంల గసొంటియి లేవు. పారిస్‌ల ఆడోళ్లకు, మొగోళ్లకు సమానంగ సీట్లు ఇచ్చిన్రు. ట్రాక్ మీద బంగారం గెలిస్తె 50 వేల డాలర్లని ప్రపంచ అథ్లెటిక్స్ సంఘమే ప్రకటించింది. రాసిపెట్టిన గేటు పోయింది. రాయని గేటు ఉన్నది: బూట్లు, బువ్వ, ట్రాక్, పీఈటీ సారు.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజిని సూడున్రి. అమ్మానాయిన కూలీలు. మానసిక లోపం ఉన్నదని సూటిపోటి మాటలు పడ్డది. 2024ల జపాన్‌ల 400 మీటర్లు 55.07 సెకన్లల్ల ఉరికి తన విభాగంల ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కంచు తెచ్చింది. అందరం చప్పట్లు కొట్టినం. కాని కోచ్ నాగపురి రమేష్ కంట పడకపోతె ఏమయ్యేది? ఒక బిడ్డ అదృష్టం మీద దేశం పతకాలు లెక్కవెట్టుకునుడు పద్ధతేనా?

పెద్ద ఆటలు వస్తె స్టేడియాలు వస్తయి అంటరు. నిజమే. 2002 జాతీయ క్రీడల కోసమే గచ్చిబౌలి స్టేడియం కట్టిన్రు. కాని కల్లెడ నుంచి గచ్చిబౌలి ఎంత దూరం? మా ఊర్ల గ్రౌండ్‌కు బోర్డున్నది, లోపల తుమ్మ చెట్లున్నయి. 2036ల ఉరికేటోళ్లు ఇయ్యాల ప్రైమరీ బడిల ఉన్నరు. ఆ పోరలు ఆ తుమ్మ ముండ్లల్లనే ఉరకాల్నా?

తమ్మీ, చెల్లె, పెద్ద స్టేడియం మన చేతిల లేదు. గ్రామసభ ఉన్నది. వచ్చే గ్రామసభల మూడు అడుగున్రి: గ్రౌండ్ సాఫ్ చేయాలె, 400 మీటర్ల మట్టి ట్రాక్ గియ్యాలె, బడికి పీఈటీని ఇయ్యాలె. తీర్మానం రాయించున్రి. రాసినంక కాయితం ఫోటో తీసి పెట్టుకోన్రి.

గెలుసుడు ఓడుడు కాళ్ల పని. లైన్ల నిలబడుడు మాత్రం హక్కు.