మా ఇంటిపేరుకి ఎన్ని స్పెల్లింగులు?

మా ఇంటిపేరు మునగపాక. అనకాపల్లి దగ్గర ఊరు. పేరులోనే మునగా ఉంది, పాకా ఉంది. తెలుగులో ఐదే అక్షరాలు, తాతయ్య రాసినా నేను రాసినా ఒకటే. ఇంగ్లీషులోకి వచ్చేసరికి చూడండి తమాషా.. నాన్నగారి సర్వీసు రిజిస్టరులో మొదట రెండు ఓలు, నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక యూ, తమ్ముడి పాస్‌పోర్టులో పాకకి రెండు ఏలు. ముగ్గురం ఒకే ఇంటివాళ్ళమని అఫిడవిట్ రాయించుకోవాల్సి వచ్చింది! "మీ పేరు మీకే రాయడం రాదా?" అన్నాడు కౌంటర్లో పెద్దమనిషి. వచ్చు బాబూ, తెలుగులో.

ఊరిపేరు ఇంటిపేరవడం మనకి కొత్తేం కాదు. రాధాకృష్ణన్ గారి సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఊరే. విశాఖపట్నాన్ని తెల్లదొరలు వైజాగపటం అని రాసుకుంటే ఊరిని ఎవరూ అఫిడవిట్ అడగలేదు.

అసలు దోషం మన ప్రోగ్రామర్లది. తెలుగు లిపి 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది. అయినా ఇంగ్లీషు అక్షరం తప్ప ముట్టుకోని వాలిడేషన్ రాసేదెవరు? ముందుండే ఇంటిపేరుని లాస్ట్ నేమ్ డబ్బాలో కుక్కిందెవరు? పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మన పేరే సర్‌నేమై, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ వచ్చి కూర్చుంటుంది.

"రికార్డులు సరిపోలాలి కదా" అంటారు. నేననేదీ అదే! తెలుగు పేరు అసలు, ఇంగ్లీషుది నకలు. నకళ్ళలో తేడా వస్తే అసలు తీసి చూస్తాం గానీ, మనిషిని నోటరీ దగ్గరికి తోలం. ఈసారి ఫారం డిజైన్ చేసేటప్పుడు తెలుగుకి ఒక్క కాలమ్ పెట్టండి. మీ ఇంటిపేరు మీద ఒట్టు, సర్వరేమీ కూలిపోదు.