యోగ పునశ్చరణ తరగతులు మన నుడిలో జరగవద్దా?

యోగం నేర్చుకోవడం ఒక ఎత్తు. నేర్చుకున్నదాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం మరొక ఎత్తు. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించిన తర్వాత పల్లెపల్లెనా యోగా బోధకులు తయారయ్యారు. 2025 జూన్ 21న విశాఖ సాగరతీరాన సుమారు మూడు లక్షల మంది ఒక్కసారిగా ఆసనాలు వేశారు. సంతోషించవలసిందే. అయితే స్వల్పకాలిక శిక్షణతో బోధకులైనవారికి ఆ తర్వాత పునశ్చరణ తరగతులు జరుగుతున్నాయా, జరిగితే ఏ భాషలో జరుగుతున్నాయి అన్న ప్రశ్న వేసేవారు లేరు. సరిహద్దున ఉన్న మనం వేయక తప్పదు.

పునశ్చరణ అన్నది అలంకారం కాదు. అమెరికాలోని యోగా అలయన్స్ సంస్థ తనవద్ద నమోదైన బోధకులు మూడేళ్ళకొకసారి 30 గంటల అదనపు శిక్షణ పొందాలని నియమం పెట్టింది. మన దేశంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ 2018లో యోగ ధ్రువీకరణ మండలిని ఏర్పరచి, బోధకులకు దశలవారీ పరీక్షలు, ధ్రువపత్రాలు నిర్ణయించింది. ఆసనం వేయించడం కంటే, ఏ ఆసనం ఎవరిచేత వేయించకూడదో తెలుసుకోవడమే కష్టమైన విద్య. కంటిలో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు ఉన్నవారిని శీర్షాసనంలో నిలబెడితే చూపుకే ముప్పు. ఇటువంటి జాగ్రత్తలు బోధకునికి బాగా ఒంటబట్టేది పునశ్చరణలోనే.

పావగడ తాలూకా మంగళవాడలో ఆడవాళ్ళకూ, పెద్దవాళ్ళకూ ఆసనాలు నేర్పే ఒక సోదరిని ఇటీవల కలిశాను. దూరాన జరిగిన ఒక కార్యశాలకు సొంత ఖర్చుతో వెళ్ళి వచ్చింది. బోధన అంతా ఇంగ్లీషులో, మధ్యమధ్య గ్రాంథిక కన్నడంలో సాగిందట. "అన్నా, ఆసనాల పేర్లు సంస్కృతమే కదా, అవి అర్థమైనాయి. ఎవరితో చేయించగూడదో చెప్పిందే తలకెక్కలేదు. లేచి అడుగుదామంటే నోరు రాలేదు" అన్నది. ఆమె తెలివితక్కువది కాదు. కన్నడ మాధ్యమంలో చదువుకున్న మనిషి. సందేహం పుట్టింది తెలుగులో. దాన్ని పదిమందిలో అడగడానికి కావలసిన మాట ఆమెకు దొరకలేదు.

ఆ అడగలేని సందేహం ఖరీదు ఎంతో మన తాలూకావారికి తెలియాలి. పావగడ భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎక్కువన్నది పాత సంగతి. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మించిన నీటిని ఏళ్ళతరబడి తాగితే ఎముకలు బరువెక్కి, కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. ఈ జబ్బును మొదట అనుమానించడానికి వాడే పరీక్షలు మూడు: మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు చాచి తల వెనుకకు చేర్చడం. ఈ మూడూ యోగా తరగతిలో నిత్యం చేయించే కదలికలే! అంటే మంగళవాడలో ఒక పెద్దాయన వంగలేకపోతున్నాడని వైద్యుని కంటే ముందు గుర్తించగలిగేది యోగా బోధకుడే. ఆ బోధకునికి సరైన శిక్షణ ఉంటే ఆయనను ఆసుపత్రికి పంపుతాడు. లేకపోతే 'సాధన చాలలేదు' అని వీపుమీద చెయ్యి వేసి ఇంకా వంచుతాడు. రెంటికీ మధ్య ఉన్న తేడా ఒక్క పాఠం. ఆ పాఠం అర్థమయ్యే భాష.

'మీకు కన్నడం వచ్చు కదా, తెలుగు ఎందుకు?' అని అడిగేవారుంటారు. వచ్చు. కన్నడం మనకు అన్నం పెట్టే భాష, మన పిల్లల బడి భాష. దానిపై మనకు ద్వేషం లేదు. అయితే నొప్పికి మనం వాడే మాటలు తెలుగువి. నరం లాగుతోందనడం వేరు, జివ్వుమంటోందనడం వేరు. తిమ్మిరి వేరు, పోటు వేరు. ఏది వింటే కొనసాగించవచ్చో, ఏది వింటే వెంటనే ఆపాలో బోధకునికి ఆ మాటల్లోనే నేర్పాలి. కన్నడంలో 'ఉసిరు బిడి' అంటే ఊపిరి వదలమని. తెలుగులో ఉసురు విడవడమంటే చావడమే! రెండు భాషలూ తెలిసిన మన అవ్వలు నవ్వి ఊరుకుంటారు. కాని బాధ చెప్పుకునే వేళ దగ్గరి మాట కూడా దూరమే అవుతుందని అందులో ఒక హెచ్చరిక ఉంది.

ఈ కోరిక కన్నడ నేలకు కొత్తదీ కాదు. మైసూరు రాజాశ్రయంలో ఆధునిక యోగవిద్యకు పునాది వేసిన తిరుమలై కృష్ణమాచార్యులు 1934లో వెలువడిన తమ 'యోగమకరంద'ను ఇంగ్లీషులో కాక కన్నడంలో రాశారు. నేర్చుకునేవారి భాషలో చెప్పడమే ఆ గురువు పద్ధతి. ఇక యోగి వేమన సమాధి ఉన్న కటారుపల్లి సరిహద్దుకు అవతల కదిరి ప్రాంతంలోనే ఉంది. కర్ణాటక ప్రభుత్వం మహాయోగి వేమన జయంతిని అధికారికంగా జరుపుతోంది. వేమనను గౌరవించే ప్రభుత్వానికి వేమన భాషలో యోగం చెప్పించడం భారం కారాదు.

చట్టం సంగతి నిజాయితీగా చెప్పాలి. 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణతో వచ్చిన 350-ఎ అధికరణం మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే పరిమితం చేసింది. వయోజనుల శిక్షణకు అది నేరుగా వర్తించదు. జిల్లాలో గాని, అంతకంటే చిన్న ప్రాంతంలో గాని 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలని 1961 ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. అది పాలకులు ఇచ్చిన మాటే గాని, కోర్టుకెక్కి గెలుచుకోగల హక్కు కాదు. కాని ఇచ్చిన మాటను గుర్తుచేసే హక్కు మనకుంది. 350వ అధికరణం ప్రకారం మన విన్నపాన్ని తెలుగులోనే రాసి ఇవ్వవచ్చు.

అందుచేత మనం చేయవలసినవి మూడు. మొదటిది, తాలూకాలో జరిపే యోగా పునశ్చరణ తరగతుల్లో కనీసం జాగ్రత్తల పాఠాన్ని, ప్రశ్నోత్తరాలను తెలుగులోనూ నడపాలని జిల్లా ఆయుష్ అధికారికి గ్రామస్థుల సంతకాలతో విన్నవించడం. జిల్లా కేంద్రం తుమకూరు పావగడకు సుమారు 100 కిలోమీటర్ల దూరం. మడకశిర, హిందూపురం అంతకంటే చేరువ. అక్కడి తెలుగు బోధకులను పిలిపించుకోవడం కష్టం కాదు. రెండవది, మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు లిపి రాదు. ఈ నిజాన్ని దాచుకోనక్కరలేదు. జాగ్రత్తల పాఠాన్ని తెలుగు భాషలో, తెలుగు లిపితో పాటు కన్నడ లిపిలోనూ అచ్చువేసి పంచుదాం. రెండూ ఒక తల్లి బిడ్డలైన లిపులే. మూడవది, ఈ 15 శాతం లెక్క తేలేది జనగణనలో. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటించిన జనగణనలో మాతృభాష ఏదని అడిగినప్పుడు మొహమాటపడకుండా తెలుగు అని చెప్పి, అలాగే రాశారో లేదో చూసుకోవాలి.

ఆ సోదరి మళ్ళీ అలాంటి కార్యశాలకు వెళ్ళనంటోంది. వెళ్ళకపోతే నష్టం ఆమె ఒక్కతెకే కాదు. రేపు ఉదయం ఆమె ముందు వంగలేక నిలబడే మన పెద్దలందరిదీ. ఆమెకు అర్థమయ్యే తరగతిని మంగళవాడకే తెప్పించుకునే బాధ్యత మనది. విన్నపపత్రం సిద్ధం చేయడానికి నావంతు నేను ముందుకు వస్తాను. సంతకాలు మీవి కావాలి.