మన పిలకాయలకు స్పానిష్ ఎందుకు అని అడిగినోళ్ళకు

పోస్టు కొంచెం పెద్దది. హాస్టల్లో మా రూములో నలుగురం కూర్చుని రాశాం. ఓపిగ్గా చదవండి.

పోయిన వారం ఇక్కడ ఒకన్న ఒక ప్రైవేటు స్కూలు కరపత్రం ఫోటో పెట్టాడు. ఆరో తరగతి నుంచే స్పానిష్, ఫ్రెంచ్ నేర్పుతామని అందులో ఉంది. దాని కింద మనవాళ్ళు రాసినవి చదివాం. "మనోళ్ళకు ఇంగ్లీషే సరిగా రాదు, ఇంక స్పానిష్ యాడ వస్తాది" అని ఒకరు. "ముందు మా కాలనీలో పిలకాయలకు ఆధార్, కుల సర్టిఫికెట్ ఇప్పించండి, స్పానిష్ తర్వాత చూద్దాం" అని ఇంకొకరు. రెండో మాట న్యాయమైనది, దాని దగ్గరికి చివర్లో వస్తాం. మొదటి మాట మాత్రం మేం ఒప్పుకోం. ఇంగ్లీషు రానోడికి ఏ భాషా రాదు అనేది మనం పుట్టించిన మాట కాదు. వెనక బెంచీలో కూర్చోబెట్టి మనకు చెప్పిన మాట. ఇప్పుడు దాన్ని మనమే తిరిగి చెప్పుకుంటున్నాం.

అసలు మనకు భాషలు రావా? పులికాట్ ఒడ్డున తడ, సూళ్ళూరుపేట వైపు మన యానాది పిలకాయలు చాలామంది తెలుగు, తమిళం రెండూ గడగడా మాట్లాడతారు. సుగాలి తమ్ముడికి ఇంట్లో గోర్ బోలి, వీధిలో తెలుగు, బళ్ళో హిందీ, ఇంగ్లీషు. ఎరుకల ఇళ్ళల్లో వాళ్ళ భాష వేరే ఉంది. పదేళ్ళ వయసుకే రెండు మూడు భాషల మధ్య తిరిగే పిల్లోడిని భాషలు రానోడు అనడం ఏం లెక్కో మాకు అర్థం కాదు. వాడికి రానిది ఇంగ్లీషు గ్రామరు పరీక్ష ఒక్కటే.

మేం ఎనిమిది నెలలుగా ఫోన్లో వీడియోలు చూసి స్పానిష్ నేర్చుకుంటున్నాం. మొదట్లో అన్నీ ఇంగ్లీషులో చెప్పే వీడియోలే. తల తిరిగేది. ఒకరోజు మాలో ఒకడు "ఇది తెలుగులో పెట్టుకుని చూడు రా" అన్నాడు. అక్కడి నుంచి సంగతి మారింది.

ఒక్క ఉదాహరణ చూడండి. నాకు చేపలంటే ఇష్టం అనడానికి ఇంగ్లీషోడు "ఐ లైక్" అంటాడు, అంటే 'నేను' దగ్గర మొదలుపెడతాడు. స్పానిషోడు "మే గుస్తా ఎల్ పెస్కాదో" అంటాడు. 'మే' అంటే నాకు. మనం కూడా 'నాకు' అనే మొదలుపెడతాం కదా! ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాడికి దీనికి ఒక పెద్ద పాఠం కావాలి. మనకు పాఠమే అక్కర్లేదు. ఇంకా చూడండి. తెలుగులో "వస్తాను" అంటే చాలు, నేను అని చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది. స్పానిష్ లోనూ అంతే. ఆబ్లో అంటే మాట్లాడతాను, ఆబ్లాస్ అంటే మాట్లాడతావు, ఆబ్లామోస్ అంటే మాట్లాడతాం. నువ్వు, మీరు అనే తేడా ఇంగ్లీషులో లేదు, స్పానిష్ లో ఉంది: తూ, ఉస్తేద్. పెద్దాయన్ని తూ అనకూడదని మన పిల్లోడికి ఒక్కసారి చెబితే చాలు.

భూతకాలం దగ్గర ఇంగ్లీషు మీడియం వాళ్ళు కూడా తడబడతారంట, ఎందుకంటే స్పానిష్ లో మామూలుగా రెండు రకాలు వాడతారు. వీనో అంటే వచ్చాడు. వెనీయా అంటే వచ్చేవాడు. అంతే! "నిన్న తాత ఎండ్రకాయలు పట్టాడు", "మా తాత ఎండ్రకాయలు పట్టేవాడు" అనే రెండు వాక్యాలకు తేడా తెలియని పిల్లోడు మన కాలనీల్లో ఉంటాడా? అలాగే 'ఉండు' అనే అర్థంలో వాళ్ళకు రెండు క్రియలు ఉన్నాయి, సేర్, ఎస్తార్ అని. మా నాన్న చేపలు పట్టేవాడు అనేటప్పుడు తెలుగులో 'ఉన్నాడు' రాదు, అక్కడ వాళ్ళు సేర్ వాడతారు: మి పాద్రే ఎస్ పెస్కదోర్. మా నాన్న ఇంట్లో ఉన్నాడు అనేటప్పుడు ఎస్తార్: మి పాద్రే ఎస్తా ఎన్ కాసా. ప్రతిచోటా ఇలా సరిపోదు. "ఊరు అందంగా ఉంది" లాంటి చోట మన లెక్క తప్పుతుంది, అక్కడ సేర్ వస్తుంది. అయినా మొదటి ఏడాది బండి నడవడానికి ఈ లెక్క చాలు.

పలకడం సంగతికొస్తే, స్పానిష్ లో అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అయిదే. ఎక్కడున్నా అదే పలుకు. చాలా మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. వాళ్ళ త, ద మన త, ద లే, ఇంగ్లీషువి కాదు. పెరో అంటే 'కానీ', పెర్రో అంటే 'కుక్క', ర ఒత్తడంలో తేడా. అక్షరాలు చదవడం కూడా దాదాపు రాసింది రాసినట్టే. హెచ్ పలకదు, జె ని హ లాగా పలుకుతారు, ఇట్లా కొన్ని గుర్తు పెట్టుకుంటే సరి. ఇంగ్లీషు స్పెల్లింగుకి దెబ్బలు తిన్న పిలకాయలకు ఇది ఎంత నెమ్మదో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో తమాషా ఉంది. పులికాట్ లో డచ్చివాళ్ళ కంటే ముందు పోర్చుగీసు వర్తకులు ఉన్నారు. పోర్చుగీసు స్పానిష్ కి చెల్లెలు లాంటి భాష. మేస్త్రి, బొత్తాం, పాదిరి, అలమర లాంటి మాటలు వాళ్ళ నుంచే మనకు వచ్చాయని చెబుతారు. స్పానిష్ లో అవి మయెస్త్రో, బొతోన్, పాద్రే, అర్మారియో. మనకు ముందే నాలుగు మాటలు వచ్చేశాయి అన్నమాట.

కష్టమైనవి లేవని కాదు. బల్ల ఆడది, పుస్తకం మగది అంటారు వాళ్ళు. అది మనకు ఎంతకీ ఎక్కదు, బట్టీ పట్టాల్సిందే. పైకి పోయేకొద్దీ కోరిక, అనుమానం చెప్పే క్రియారూపాలు వస్తాయి, అక్కడ మేం ఇప్పటికీ తన్నుకుంటున్నాం.

సరే, వస్తుంది అనుకుందాం. ఎందుకు? మన రొయ్యల గుంటల నుంచి చెబుతాం. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంటల కాడ కాపలా ఉండేది, మేత వేసేది, రాత్రిళ్ళు ఏరేటర్లు చూసేది ఎక్కువగా మనవాళ్ళే. ఇప్పుడు ఆ గుంటల్లో పెరిగేది వెనామి. మన దేశంలో దాన్ని 2009లో అనుమతించారు, అంతకుముందు టైగర్ రొయ్య. వెనామి పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే పసిఫిక్ తీరం. అక్కడివాళ్ళు దాన్ని కమరోన్ అంటారు. రొయ్యల ఎగుమతిలో మన దేశానికి పెద్ద పోటీ ఈక్వడార్. అక్కడ గుంటల్లో కూలీలు, టెక్నీషియన్లు, కొనే కంపెనీవాళ్ళు మాట్లాడేది స్పానిష్. మన నాన్నలు రాత్రంతా కాపలా కాసే రొయ్య గురించి అక్కడ ఏం రాస్తున్నారో, రోగం వస్తే ఏం చేస్తున్నారో మనకు తెలియదు. కాపలా గుడిసెలో పెరిగిన పిల్లోడు రేపు ఆ ఎగుమతి ఆఫీసులో కూర్చోకూడదా?

స్పానిష్ అంటే తెల్లోళ్ళ భాష అనుకునేవాళ్ళూ గ్రూపులో ఉన్నారు. ఇరవై దేశాల్లో అది అధికార భాష, వాటిలో ఎక్కువ దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉన్నాయి. అక్కడ మనలాంటి ఆదివాసులు కోట్లలో ఉన్నారు. ఆ భాష వాళ్ళ మీదికి కత్తితో వచ్చింది, అది మర్చిపోకూడదు. కానీ గ్వాటెమాలాలో కిచే మాయా తెగ ఆడపిల్ల రిగోబెర్తా మెంచు తన జనం మీద జరిగిన దాడుల్ని ప్రపంచానికి చెప్పింది స్పానిష్ లోనే. 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బొలీవియాలో ఐమారా తెగకు చెందిన ఎవో మొరాలెస్ 2006 నుంచి 2019 దాకా అధ్యక్షుడు. 2009లో వాళ్ళు రాసుకున్న రాజ్యాంగంలో స్పానిష్ తో పాటు 36 ఆదివాసీ భాషలు అధికార భాషలయ్యాయి. మన యాసను క్లాసులో ఎగతాళి చేస్తే తలొంచుకున్నోళ్ళం మనం. ఇలాంటి సంగతులు ఇంగ్లీషు పేపర్లో నాలుగు లైన్లు వస్తే వస్తాయి, లేకపోతే లేదు. నేరుగా వాళ్ళు రాసింది మనం చదివితే వేరుగా ఉంటుంది.

ఇదంతా గాల్లో మాట అనుకుంటే అనంతపురం వైపు చూడండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టాడు. 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ట్రస్టు విదేశీ భాషల స్కూలు కూడా నడుపుతోంది. పల్లెటూళ్ళ నుంచి, పేద ఇళ్ళ నుంచి డిగ్రీ చదివి వచ్చిన పిల్లలకు అక్కడ స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పుతారు. తర్వాత వాళ్ళు కంపెనీల్లో ఉద్యోగాలకు పోతున్నారు. తెలుగు మీడియంలో చదివిన పల్లె పిల్లలకు స్పానిష్ వస్తుందా రాదా అనే ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఏనాడో జవాబు దొరికింది.

మా గొడవ ఒక్కటే. అది డిగ్రీ తర్వాత మొదలవుతోంది. మనవాళ్ళలో డిగ్రీ దాకా వచ్చేది ఎందరు? అందుకే ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టాలి అంటున్నాం. 2020 జాతీయ విద్యా విధానంలో హైస్కూలు స్థాయిలో నేర్పే విదేశీ భాషల్లో స్పానిష్ పేరు రాసి ఉంది. సిబిఎస్ఈ పట్టికలోనూ స్పానిష్ ఉంది. మన కాసుమూరు, చంద్రశేఖరపురం, ఓజిలి ఏకలవ్య స్కూళ్ళు మన పిల్లల కోసమే పెట్టినవి. కాగితం మీద ఉన్నది డబ్బున్న స్కూళ్ళలోనే ఎందుకు అమలవుతోంది?

లెక్క కూడా వేశాం. వారానికి నాలుగు పీరియడ్లు, ఒక్కోటి నలభై నిమిషాలు, ఏడాదికి 35 వారాలు అనుకుంటే ఏడాదికి సుమారు 93 గంటలు. ఎనిమిది, తొమ్మిది, పది కలిపి 280. యూరప్ వాళ్ళ కొలతలో ఏ1 మొదటి మెట్టు, ఏ2 రెండోది, బీ1 మధ్యస్థాయి. బీ1 కి మూడు నాలుగు వందల గంటల క్లాసు కావాలంటారు. అంటే పదో తరగతి అయ్యేసరికి పిల్లోడు ఏ2 గట్టిగా దాటి బీ1 గుమ్మంలో ఉంటాడు. స్కూలు పిల్లల కోసమే డేలే అనే పరీక్ష ఉంది, మన దేశంలో ఢిల్లీ సెర్వాంతెస్ సంస్థ చూస్తుంది. ఆ ఫీజు, ప్రయాణం నెల్లూరు ఐటీడీఏ పెట్టుకోవాలి.

మొదటి మూడు నెలలు పుస్తకమే వద్దు. చెవి, నోరు చాలు. ఇల్లు, చేప, వల, ఉప్పు, అమ్మ, అన్నం. తర్వాత తెలుగు లిపిలో రాసుకోనివ్వాలి, ఆ తర్వాతే రోమన్ అక్షరాలు. మార్కులు రెండో ఏడాది నుంచి. మొదటి నెలలోనే పరీక్ష పెట్టి ఎర్ర సిరాతో కొట్టేస్తే ఇంగ్లీషుకి జరిగిందే దీనికీ జరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, చెప్పేవాళ్ళకు తెలుగు రావాలి. ఏకలవ్య స్కూళ్ళకు కేంద్రం నుంచి నియామకాలు మొదలయ్యాక తెలుగు రాని టీచర్లు కూడా వస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు, వాళ్ళూ ఊరు కాని ఊరు వచ్చినోళ్ళే. కానీ స్పానిష్ ని హిందీలోనో ఇంగ్లీషులోనో చెబితే మేం పైన రాసిన సులువంతా పోతుంది. టీచర్లు ఎక్కడ దొరుకుతారు అంటారా? అనంతపురంలో నేర్చుకున్న మన తెలుగు పల్లెల పిల్లలే ఉన్నారు కదా. వాళ్ళలో కొందరికి మంచి జీతం ఇచ్చి పిలవండి. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ చదివినవాళ్ళు ఉన్నారు. అది కేంద్ర విశ్వవిద్యాలయం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉంటాయి. ఇంటర్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సంగతి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆధార్, సర్టిఫికెట్ మాట. అన్నా, మీరు అన్నది నిజం. ఏడో తరగతిలో బడి మానేసి గుంటల కాడికి పోయే పిల్లోడిని స్పానిష్ ఆపదు. కుల సర్టిఫికెట్ లేక హాస్టల్ సీటు పోయిన చెల్లెలికి దీనివల్ల ఒరిగేది లేదు. ఆ పోరాటం ఆగకూడదు, ఎక్కడ అర్జీ పెట్టినా మేం సంతకం పెడతాం. కానీ ఆ కష్టాలన్నీ దాటుకుని ఎనిమిదో తరగతి దాకా వచ్చిన పిల్లలు ఉన్నారు. "మీకు ముందు ఇంగ్లీషు రానీ" అని వాళ్ళనూ ఆపితే ఎట్టా? ఉద్యోగం గ్యారంటీ అని కూడా మేం చెప్పడం లేదు. ఇప్పుడు ఫోనే అనువాదం చేసేస్తోంది. ఉత్త అనువాదం ఉద్యోగాలు మున్ముందు తగ్గవచ్చు. బీ1 తోనే కంపెనీలు తీసుకోవు, ఇంకా పైకి పోవాలి.

మేం నలుగురం ఒక పని మొదలుపెట్టాం. తెలుగులో స్పానిష్ మొదటి ముప్పై పాఠాలు నోటు పుస్తకంలో రాస్తున్నాం. పదకొండు అయ్యాయి. ఆరో పాఠం రొయ్యల గుంట మీద, తొమ్మిదోది ఎండ్రకాయల బుట్ట మీద. దసరా సెలవుల్లో మా కాలనీలో ఎనిమిది, తొమ్మిది చదివే పిలకాయలను కూర్చోబెట్టి చెప్పి చూస్తాం. ఏకలవ్య, గురుకులాల్లో చదివే తమ్ముళ్ళు మీ స్కూల్లో ఏ భాషలు ఎవరు చెబుతున్నారో, తెలుగులో చెబుతున్నారా లేదా కింద రాయండి. అది చేతిలో ఉంటే ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే అర్జీలో స్కూలు పేరు పెట్టి రాయొచ్చు. పాఠాల ఫోటోలు కావాలన్నవాళ్ళు అడగండి, పంపుతాం. చేతిరాత మాత్రం మావాడిది, కొంచెం కష్టపడి చదవాలి.