గొలుసు చేతిలో, చూపు చెట్టు మీద

షుగరు, బీపీ ఉన్నవాళ్లకు మేం రాసే చీటీలో మందులు మారుతుంటాయి గానీ ఒక మాట మాత్రం మారదు: రోజూ నడవండి. సరేనని తలూపి వెళ్లినవాళ్లలో చాలామంది మూడు వారాలు నడుస్తారు. నాలుగో వారం ఏదో పెళ్లి, ఏదో వాన, లేదంటే మోకాళ్ల నొప్పి. అంతే, ఆగిపోతారు. ఏళ్ల తరబడి మానకుండా నడిచేవాళ్లలో నాకు తరచూ కనిపించేది రెండు రకాలవాళ్లు. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు, దారిలో చూడటానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లు. మొదటివాళ్లకు తప్పించుకునే వీల్లేదు. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి మూలిగే ప్రాణి ముందు ఏ సాకూ చెల్లదు. రెండోవాళ్లకు తప్పించుకోవాలనే అనిపించదు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే డాక్టరు పని సగం తగ్గినట్టే.

కానీ మన కాలనీల్లో సాయంత్రం పూట కనిపించే దృశ్యం వేరు. ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతిలో ఫోను. కుక్క ఒక పక్కకు లాగుతుంటుంది, మనిషి తల వంచుకుని రీల్స్ చూస్తూ ఇంకో పక్కకు లాగుతుంటాడు. లేదంటే ఖాళీ ప్లాటు రాగానే గొలుసు తీసేసి, దాని మానాన దాన్ని వదిలేసి, ఈయన గట్టు మీద నిలబడి ఫోను చూసుకుంటాడు. నడక ఒక డ్యూటీ అయిపోయింది. గొలుసు తీయకుండా, ఫోను జేబులో పెట్టుకుని, తల కాస్త పైకెత్తితే అదే అరగంట మనిషికీ కుక్కకీ చుట్టూ ఉన్న పిట్టలకీ కూడా మేలు చేస్తుంది. ఎలాగో చెబుతాను.

మార్చి మొదలైంది. ఇంతకంటే మంచి నెల దొరకదు. పొద్దున ఆరింటికి బయటికొస్తే ఏ రావిచెట్టు చివరి కొమ్మ నుంచో ‘టుక్... టుక్... టుక్’ అని సుత్తితో కొట్టినట్టు ఒకే లయలో శబ్దం వినిపిస్తుంది. అది కంసాలి పిట్ట. పిడికిలంత పచ్చటి పిట్ట, నుదుట ఎర్రటి బొట్టు. చాలామంది ఏళ్లుగా ఆ శబ్దం వింటూనే ఉంటారు, ఎక్కడో మోటారు నడుస్తోందనుకుంటారు. ఉగాది దగ్గరపడేకొద్దీ కోకిల గొంతు పెరుగుతుంది. కూసేది మగది, నల్లగా ఉంటుంది, కళ్లు మాత్రం ఎర్రగా. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, అది కోకిల అని ఎవరూ పోల్చుకోరు. కంచె మీద మందారాల దగ్గర తేనెపిట్ట, తోక కింద ఎర్ర మచ్చతో పికిలిపిట్ట, పొదల్లో బరువుగా నడిచే రాగి రెక్కల జెముడుకాకి, ఊరి చివర కరెంటు తీగ మీద పాలపిట్ట. వీటిలో దేనికీ అడవికి వెళ్లక్కర్లేదు. మన పిల్లలకు పెంగ్విన్ తెలుసు, ఫ్లెమింగో తెలుసు, పికిలిపిట్ట తెలియదు. దీనికి బడిని ఒక్కదాన్నే తప్పుపట్టలేం.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1,292 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో చాలాసార్లు పలకరించి, ఇప్పుడు మీకు పిట్ట కనిపిస్తోందా, వినిపిస్తోందా, మనసెలా ఉంది అని అడిగారు. పిట్టలు కనబడినప్పుడో వినబడినప్పుడో జనం మనసు తేలికగా ఉందన్నారు. ఆ ప్రభావం గరిష్ఠంగా ఎనిమిది గంటల దాకా కనిపించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలోనూ ఇదే తేలింది. చెట్లు, నీళ్ల వల్ల కలిగే హాయిని లెక్కలోంచి తీసేసి చూసినా పిట్టల పాలు మిగిలింది. అలాగని పిట్టల్ని చూస్తే డిప్రెషన్ నయమవుతుందని కాదు. మాత్రలు మానేసి చెట్ల కింద నిలబడమని ఎవరూ అనరు. రిటైరైన భర్త, అమెరికాలో పిల్లలు, టీవీ ముందు గడిచే సాయంత్రాలు... ఇలాంటి ఇళ్లలో ఎనిమిది గంటల తేలిక చిన్న విషయం కాదని మాత్రం చెప్పగలను.

ఇక్కడొక చిక్కుంది. కుక్క ఆగి ఆగి వాసన చూస్తూ నడుస్తుంది. పిట్టల్ని చూసేవాళ్లు కూడా ఆగుతూనే నడుస్తారు. అలా నడిస్తే గుండెకు చాలినంత పని దొరకదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగపు వ్యాయామం కావాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి. అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. వెళ్లేటప్పుడు వేగంగా, ఎక్కడా ఆగకుండా. వచ్చేటప్పుడు కుక్క ఇష్టం. అది ఎక్కడ ఆగితే మీరూ అక్కడ ఆగండి. అది కింద వాసన చూస్తుంటే మీరు పైన కొమ్మల్లో వెతకండి. కుక్కకు వాసన చూడటమంటే మనకు పేపరు చదవడం లాంటిది. పదే పదే గొలుసు గుంజితే దానికి నడక రుచించదు. ఇంకో సంగతి, కుక్క చెవులు మనకంటే పదునైనవి. అది చెవులు నిక్కబొడుచుకుని ఒక పొద వైపే చూస్తోందంటే మీరూ అటు చూడండి. ముంగిసో ఉడుతో బయటికొస్తుంది.

ఇక ఖాళీ ప్లాట్ల విషయం. కుక్క గొలుసు విప్పడానికి మనం ఎంచుకునే చోటే తీతువు పిట్ట గుడ్లు పెట్టే చోటు. పొడుగాటి పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు, నల్లటి రొమ్ము. మనిషిని చూడగానే గోలగోలగా అరుస్తూ నెత్తి మీద తిరిగే పిట్ట ఇదే. గూడంటూ కట్టదు. నేల మీద నాలుగు గులకరాళ్ల మధ్య చిన్న పల్లంలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లకూ రాళ్లకూ తేడా తెలియదు. ఇప్పటి నుంచి ఆగస్టు దాకా దాని కాలం. ఎండ మండిపోయేటప్పుడు పొట్ట ఈకలను నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. తీతువు అరిస్తే కీడని మన పెద్దలు అంటారు. నిజానికి ఆ అరుపు వెనక ఉన్నది గుడ్లకు పొంచి ఉన్న కీడు. విప్పి వదిలిన ఒక లాబ్రడార్ రెండు నిమిషాల్లో ఆ గుడ్లను తొక్కేయగలదు, దానికి ఏ దురుద్దేశమూ ఉండక్కర్లేదు. తీతువు నెత్తి మీద అరుస్తోందంటే మీరు గుడ్ల దగ్గరికి వచ్చేశారని అర్థం. వెనక్కి తిరగండి, నాలుగు వారాలు వేరే దారి పట్టండి.

దేశంలో పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదికలో కోకిల, నెమలి, పావురం పెరుగుతున్నాయని ఉంది. పాలపిట్ట మాత్రం బాగా తగ్గిపోతున్న వాటిలో ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే. దసరా నాడు దాన్ని చూడటం శుభమని పంజరంలో పెట్టి తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులిస్తాం. ఆ డబ్బే దాని ప్రాణం తీస్తోంది. కుక్కను తీసుకుని ఊరి చివరిదాకా నడిస్తే ఉచితంగా చూడొచ్చు. రామచిలుకదీ ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ దాన్ని రాష్ట్ర పక్షిని చేసుకుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పంజరంలో పెంచడం నేరమన్న సంగతి మాత్రం చాలా ఇళ్లకు తెలియదు.

గొలుసు తీయొద్దనడానికి నాకు ఇంకో కారణం ఉంది, నా వృత్తికి సంబంధించింది. మా ఆసుపత్రికి వచ్చే కుక్కకాటు కేసులన్నీ వీధికుక్క తరుముకొచ్చి కరిచినవే కావు. తమ పెంపుడు కుక్కకూ వీధికుక్కకూ గొడవైతే విడదీయబోయి కరిపించుకున్నవాళ్లూ వస్తుంటారు. వాళ్లలో కొందరు, కరిచింది మా కుక్కే, ఇంజెక్షను ఎందుకు అంటారు. ఎవరి పళ్లు ఎవరికి తగిలాయో ఆ హడావుడిలో ఎవరికి తెలుసు? రేబిస్ లక్షణాలు మొదలైతే దాదాపుగా ఎవరూ బతకరు. కరిచిన వెంటనే చేయాల్సింది మన ఇంట్లోనే ఉంది. సబ్బు రాసి, కొళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పూయొద్దు. తర్వాత నేరుగా ఆసుపత్రికి రావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేయించుకోవాలి. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. పిల్లి, ముంగిస కరిచినా ఇదే దారి. పక్షుల వల్ల రేబిస్ రాదు, ఆ భయం అక్కర్లేదు. మీ కుక్కకు మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా టీకా వేయిస్తున్నారా అన్నది ముందు చూసుకోండి.

గొలుసు పట్టుకునే తీరూ ముఖ్యమే. మణికట్టుకు నాలుగు చుట్లు చుట్టుకుని నడిచే పెద్దవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. పిల్లి కనబడి కుక్క ఒక్క గుంజు గుంజితే మనిషి బోర్లా పడతాడు. అరవై దాటిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడి ఉంటాయి, అలాంటి పడటంలో మణికట్టూ తుంటీ విరుగుతాయి. అయిదారు అడుగుల తాడు, అరచేతిలో పట్టుకోవాలి, చుట్టుకోకూడదు. బరువైన కుక్కను బామ్మ చేతికో పదేళ్ల పిల్లాడి చేతికో ఇవ్వకూడదు.

చీకటి పడ్డాక నడిచేవాళ్లు టార్చి, బూట్లు లేకుండా వెళ్లొద్దు. ఎండాకాలం సాయంత్రాలు, తొలకరి రాత్రులు రక్తపింజర, కట్లపాము తిరిగే వేళలు. కుక్క పొదలోకి ముక్కు పెడితే మనం చెయ్యి పెడతాం, కాటు అక్కడే పడుతుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, విరుగుడు ఇంజెక్షను ఉండే పెద్దాసుపత్రికి చేరడమొక్కటే వైద్యం. తుప్పల్లో తిరిగి వచ్చిన తర్వాత జ్వరం నాలుగైదు రోజులైనా తగ్గకపోతే చంకలు, గజ్జలు, నడుము దగ్గర ఒకసారి వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. నల్లిని పోలిన చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది, త్వరగా గుర్తిస్తే మామూలు మందుకే లొంగుతుంది. తుప్పల్లో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. మేం అడగకపోయినా చెప్పండి.

పార్కుల గురించి ఒక్క మాట. హైదరాబాద్ కేబీఆర్ పార్కు జాతీయ వనం. నెమళ్లున్న చోటికి కుక్కను రానివ్వలేదని గేటు దగ్గర గొడవపడటం తగదు. అక్కడికి మనం ఒక్కళ్లమే వెళ్లాలి.

వచ్చే రెండు మూడు నెలల్లో మీ నడకదారిలో ఎగరడం సరిగ్గా రాని పిట్టపిల్ల ఒకటైనా నేల మీద కనిపిస్తుంది. కుక్కను దగ్గరికి లాక్కోండి. పిల్లకు ఈకలు వచ్చి ఉంటే అది తప్పిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి పక్కనే ఎక్కడో ఉంటుంది. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రాదన్నది అపోహ. రోడ్డు మీద ఉంటే తీసి దగ్గరి కొమ్మ మీద పెట్టి, చేతులు కడుక్కుంటే చాలు. ఇంటికి తెచ్చి పాలూ బ్రెడ్డూ పెడితే చచ్చిపోతుంది. అది కాకి పిల్ల అయితే పెద్ద కాకులు మీ నెత్తి మీద పొడవడం ఖాయం. ఆ వీధి రెండు వారాలు మానుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో నడక ఏడు గంటలలోపే ముగియాలి. సాయంత్రమైతే తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఆగలేకపోతే దాని పాదాలు కూడా ఆగలేవు. పావురాలకు గింజలు చల్లే అలవాటుంటే మానేయండి. వాటి రెట్టల దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఆ జబ్బు వెనక్కి రాదు. దాని బదులు గేటు పక్కన నీడలో, కుక్కకు అందని ఎత్తులో ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. పిచ్చుకలు, గోరువంకలు, మధ్యాహ్నం పూట ఉడుతలు వస్తాయి. ఆ నీళ్లు రోజూ పారబోసి, మూకుడును పీచుతో తోమి మళ్లీ నింపండి. డెంగీ దోమ గుడ్లు అంచులకు అంటుకునే ఉంటాయి, ఊరికే నీళ్లు మారిస్తే పోవు.