గృహనిర్వాహము: కరెంటు పోయినపుడు ఇంటికి తగిన యంత్రమేది?



ఇంటికి కొను వస్తువులలో కొన్నిటికి మన యభిప్రాయము నడుగుదురు, కొన్నిటికి అడుగరు. చీరలు కొనునప్పుడును, గ్రైండరు కొనునప్పుడును మన మాట చెల్లును. ఇన్వర్టరో జనరేటరో కొనవలసివచ్చినచో, అది యంత్రవిషయమనియు, పురుషుల వ్యవహారమనియు తలంచి మనమే ప్రక్కకు తొలగుదుము. కాని కరెంటు పోయిన వెనుక ఆ యంత్రముతో కాపురము చేయవలసినవారము మనము. ఉక్కకు ఏడ్చు పసిబిడ్డను ఊరడించునది మనము. ఫ్రిజ్జులోని పాలు విఱుగునేమో యని చూచుకొనునది మనము. చీకటిలో అత్తగారి మందుబిళ్ల వెదకి యిచ్చునది మనము. ఇంటికి నిజముగా ఏమి కావలెనో మనకు తెలిసినంత అంగడివానికి తెలియదు. కావున ఈ మాసమున ఈ విషయమును ముచ్చటింపదలచితిమి.

మొట్టమొదట గ్రహింపవలసినది, కరెంటు పోవుట రెండు విధములు. వేసవిలో గంటయో రెండు గంటలో పోయి మరల వచ్చునది యొకటి. తుపాను వచ్చి స్తంభములు కూలినపుడు దినముల తరబడి రానిది రెండవది. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు ఆ నగరవాసులు ఎన్నో రాత్రులు చీకటిలో గడపిరి. దీపములు లేకపోవుటకంటె, మోటార్లు తిరుగక కుళాయిలలో నీరు రాకపోవుట వారిని ఎక్కువ బాధించినది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. విద్యుత్ స్తంభములును వానితోడనే కూలినవి. ఈ రెండు విధములును రెండు వేఱు రోగములు. రెంటికిని ఒకే మందు పనికిరాదు. గంటసేపటి చీకటికి జనరేటరు కొనుట దోమను కొట్టుటకు రోకలి యెత్తినట్లగును; వారము దినముల చీకటికి ఇన్వర్టరొక్కటియే నమ్ముకొనుట కుండెడు నీటితో వేసవి గడుపజూచుట యగును.

ఇక లెక్క. ఇందుకు గొప్ప విద్య యక్కరలేదు. బడిపిల్లలు వేయు గుణకారము చాలును. ఒక కాగితము తీసికొని, కరెంటు లేనప్పుడును తప్పక పనిచేయవలసినవేవో వ్రాయుడు. ఎల్.ఇ.డి. దీపము ఒక్కటికి 9 వాట్లు. మామూలు పంకా ఒక్కటికి 75 వాట్లు. రెండు పంకాలు, నాలుగు దీపములు, ఫోనులకును ఇంటర్నెట్టు పెట్టెకును మఱియొక 20 వాట్లు. మొత్తము 206 వాట్లగును. అంగడిలో సామాన్యముగా చూపు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియరు గంటలు. ఈ రెంటిని గుణించినచో 1,800 వచ్చును. కాని బ్యాటరీని అడుగంట తోడరాదు. ఇన్వర్టరులో కొంత శక్తి వేడిమిగా పోవును. కావున చేతికి వచ్చునది 1,200 వాట్ల గంటలని యెంచుకొనుట మేలు. దానిని 206 చేత భాగించినచో ఇంచుమించు ఆఱు గంటలు. ఇది క్రొత్త బ్యాటరీ మాట. ఏడాది కేడాది ఆ గంటలు తఱుగుచుండును.

ఇచ్చట గృహిణికి పనికివచ్చు కిటుకొకటి కలదు. పెద్ద బ్యాటరీ కొనుటకు ముందు పంకాలు మార్చి చూడుడు. బి.ఎల్.డి.సి. యను క్రొత్తరకపు పంకా 30 వాట్లకు అటునిటుగా మాత్రమే తీసికొనును. అట్టివి రెండు వేసినచో మొత్తము 206 కాక 116 అగును. ఆ బ్యాటరీయే పది గంటలు వచ్చును. పైగా కరెంటున్న దినములలో బిల్లును తగ్గును. రాబడి పెంచుకొనుటకంటె దుబారా తగ్గించుకొనుట సులువని మన పెద్దలు ఇంటిఖర్చునుగూర్చి చెప్పిన మాట వాట్లకును వర్తించును.

ఇన్వర్టరు పెట్టెపై 900 వీఏ యని యున్నచో అన్ని వాట్లు వచ్చునని భ్రమపడకుడు. పదింట ఎనిమిది పాళ్లు, అనగా 720 వాట్లకు మించదని తెలిసికొనుడు. గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షను పొయ్యి అను మూడును వేయి వాట్లును అంతకు మించియు మ్రింగునవి. వీనిని చిన్న ఇన్వర్టరునకు తగిలింపరాదు. ‘సైన్ వేవ్’ రకమునే యడుగుడు. ‘స్క్వేర్ వేవ్’ రకము వెల తక్కువయైనను పంకాలు గుయ్యిమనుచుండును, సున్నితమైన యంత్రములకు అది మంచిది కాదు.

నీరుపోయు బ్యాటరీ నెలకొకసారి మన చూపు కోరును. అందు పోయవలసినది డిస్టిల్డు నీరే. కుళాయినీరు పోసినచో అందలి ఉప్పులు దానిని చెఱచును. ఛార్జి యగునపుడు అది హైడ్రోజను వాయువును విడుచును. ఆ వాయువు నిప్పు సోకిన అంటుకొనును. అందుచే గాలి యాడని అలమరలోగాని, పూజాదీపము చెంతగాని, పొయ్యి ప్రక్కగాని దాని నుంచరాదు. లిథియము బ్యాటరీకి నీరు పోయు పని లేదు, ఎక్కువ యేండ్లు మన్నును. కాని మొదటి వెల హెచ్చు. ఏ రకమైనను, ఒకసారి ఖాళీ యైన పిమ్మట మరల నింపుటకు కరెంటు రావలసినదే. తుపానులో దానికిగల లోప మదియే.

కనుక తీరప్రాంతములందును, బోరునీటిపై నాధారపడిన యిండ్లయందును జనరేటరు అవసరము కావచ్చును. ఒక హార్సుపవరు మోటారు తిరుగునపుడు ఇంచుమించు వేయి వాట్లు తీసికొనును. బయలుదేరునప్పటి క్షణమున అంతకు మూడు నాలుగు రెట్లు లాగును. ఫ్రిజ్జును అట్లే మొదట కొంత జోరుగా లాగును. తిరుగునప్పటి లెక్కనే చూచి జనరేటరు కొన్నచో మోటారు మూలుగునేగాని కదలదు. పంపు నడుపగోరువారు ఆ బయలుదేరు శక్తిని అంగడివానితో చెప్పి, వీలైనచో తమ మోటారుతోనే నడిపి చూపింపుమని యడుగవలెను. నూనె మాటయు చూచుకొనవలెను. చిన్న పెట్రోలు జనరేటరు గంటకు అర లీటరు మొదలు లీటరు వరకు త్రాగును. తుపాను దినములలో బంకుల పంపులు నడుచుటకును కరెంటే కావలెను గదా! కావున జనరేటరును రేయింబవళ్లు నడుపుట తగదు. ఉదయమొక గంట, సాయంకాలమొక గంట నడిపి, నీటితొట్టి నింపుకొని, ఫ్రిజ్జు చల్లపఱచుకొని, ఇన్వర్టరు బ్యాటరీకి కొంత యెక్కించుకొని ఆపివేయుట బుద్ధిమంతుల పని. తలుపు తీయక యుంచినచో ఫ్రిజ్జు నాలుగు గంటలు చల్లదనము నిలుపుకొనును.

ఇంతవరకును డబ్బు మాట. ఇకపై చెప్పబోవునది ప్రాణముల మాట. దీనిని శ్రద్ధగా చదువ వేడుచున్నాము.

జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. వారణావతమున లక్క యింటిలో అడుగిడగానే నేయి, లక్క కలసిన వాసన పసిగట్టి ధర్మరాజు అపాయము గుర్తించెనని భారతమున విన్నాము. ఈ వాయువును ధర్మరాజు సైతము పసిగట్టజాలడు. మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము కలుగును; నిద్రించువారు అదియు నెఱుగక నిద్రలోనే పోవుదురు. తుపాను రాత్రి వాన కొట్టుచుండగా జనరేటరు తడియునని వసారాలోనికి తెచ్చుటయు, మెట్ల క్రింద పెట్టుటయు, జల్లు కొట్టకుండ కిటికీలు మూయుటయు ఎల్లరకును సహజముగా తోచు పనులు. సహజముగా తోచుటయే యిందలి ప్రమాదము. కిటికీ తెఱచితిమి, పంకా వేసితిమి అనుకొనుట చాలదు. యంత్రము ఇంటికి కనీసము ఇరువది యడుగుల దూరమున, ఆరుబయట, పొగగొట్టము ఇంటి తలుపు కిటికీలకు పెడమొగముగా ఉండవలెను. వాననుండి కాపాడుటకు నాలుగు గుంజలపై రేకు వేసి, నలుప్రక్కల తెఱపిగా నుంచిన పందిరి తుపానుకు ముందే కట్టించుకొనవలెను. అట్టి జాగా లేని ఇంటివారును, అపార్టుమెంటులలో బాల్కనీ తప్ప వేఱు చోటు లేనివారును ఇంధనము మండించు జనరేటరు కొనకుండుటయే మంచిది. బ్యాటరీ పెద్దది చేసికొనుడు. నడచుచున్న యంత్రములో, ఆపినను వేడి తగ్గని యంత్రములో పెట్రోలు పోయరాదు.

రెండవ ప్రమాదము మన యింటిది కాదు, పరులది. కొందఱు రెండువైపుల ప్లగ్గులున్న తీగతో జనరేటరును గోడలోని సాకెట్టునకు తగిలించి యిల్లంతయు వెలిగింతురు. అప్పుడా విద్యుత్తు మన మీటరు దాటి వీధి తీగలలోనికి పోవును. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తగ్గించి మన యిండ్లకు 230 వోల్టులుగా పంపునది. వెనుకనుండి మనము 230 పంపినచో అదియే తలక్రిందులుగా పనిచేసి ఆ తీగలకు వేల వోల్టుల నెక్కించును. లైను చచ్చియున్నదని నమ్మి, వానలో స్తంభమెక్కి మన వీధికి వెలుగు తెచ్చుటకు శ్రమపడుచున్న లైన్‌మన్ ఆ తీగను ముట్టును. ఆయన యింటను మనవలెనే యొక యిల్లాలు అన్నము మూతపెట్టి యెదురుచూచుచుండును. మన పంకా తిరుగుటకై ఆమె పసుపుకుంకుమలు పోవుట ధర్మమా? మెయిను స్విచ్చి ఆపితిమి గదా యని మన జ్ఞాపకశక్తిని నమ్మరాదు. చీకటిలో, తొందరలో ఎవరైనను మఱతురు. ‘చేంజోవరు స్విచ్చి’ యను సాధనము కలదు. అది వీధి కరెంటునుగాని, జనరేటరునుగాని ఒకదానినే ఇంటికి కలుపును. రెంటిని ఏకకాలమున కలుపనీయదు. తెలిసిన ఎలక్ట్రీషియనుచేత దానిని పెట్టించిన తరువాతనే జనరేటరు ఇంటి తీగలకు కలుపవలెను. అది లేనివారు కావలసిన వస్తువును నేరుగా జనరేటరుకే తగిలించుకొనవలెను.

మేడమీద సౌరఫలకములు పెట్టించినవారు, ‘ఎండ కాయుచుండగా మా యింట కరెంటేల పోయినది?’ అని యాశ్చర్యపడుట కలదు. 2024వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ప్రారంభించిన పిమ్మట ఇట్టి యిండ్లు పెరిగినవి. బ్యాటరీ లేక వీధి లైనుతో కలసి నడచు సౌరయంత్రము, లైను పోయినంతనే తానును ఆగిపోవును. అది లోపము కాదు. పైన చెప్పిన లైన్‌మన్ ప్రాణము కాపాడుటకే అట్లు చేయుదురు. కరెంటు లేనప్పుడును సౌరశక్తి కావలెనన్నచో బ్యాటరీతో కూడిన ‘హైబ్రిడ్’ ఇన్వర్టరు కావలెనని మొదటనే చెప్పి పెట్టించుకొనవలెను.

రోగులున్న యింటివారికి ఇంకొక మాట. ఆక్సిజను యంత్రము వంటివాటిపై నాధారపడినవారికి ఒకే యాధారము చాలదు. బ్యాటరీతో బాటు నిండు సిలిండరును ఇంట నుండవలెను. తెఱవని ఇన్సులిను 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుండవలెను. ఫ్రిజ్జు చాలకాలము ఆగినచో ఒక కుండలో మఱియొక చిన్న కుండ నుంచి, నడుమ తడియిసుక నింపి, ఆ లోపలి కుండలో మందు నుంచుట ఎండవేడినుండి కాపాడుకొను ఉపాయము. అది ఫ్రిజ్జుతో సమానము కాదు గనుక, అట్లుంచిన మందు ఎన్ని దినములు పనికివచ్చునో వైద్యుని ముందే అడిగియుంచుకొనుడు.

కావున, సోదరీమణులారా, అంగడికి పోవుటకు ముందు నాలుగు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసికొనుడు. మా యూర కరెంటు గంటలలెక్కన పోవునా, దినములలెక్కన పోవునా? మాకు తప్పనిసరియైనవి ఎన్ని వాట్లు? పొగ పోవుటకు ఇరువది యడుగుల బయలు మాకు కలదా? ఇంటి తీగలకు యంత్రమును కలుపునది ఎవరు, ఏ స్విచ్చితో? ఈ నాలుగింటికి బదులు చెప్పగలిగిన యిల్లాలు ఏ యంత్రము కొన్నను మోసపోదు. చెప్పలేనివారు ఎంత వెలగలది కొన్నను నిశ్చింతగా నిద్రపోజాలరు. ఆ కాగితమును మీ యింటివారి చేతికిచ్చి, మీరును వెంట వెళ్లుడు. ఆశ్వయుజ కార్తీకముల తుపానులు మన తలుపు తట్టకముందే ఈ పని ముగించుకొందురని నమ్ముచున్నాము.