కొలువు వచ్చింది సరే, కొత్త ఊరి లెక్క వేసుకున్నామా?

ఉపాధ్యాయ నియామక పత్రం చేతికందిన రోజు మన ఇళ్లలో ఈద్ వాతావరణమే. 2024 ఫిబ్రవరి 29న తెలంగాణ ప్రభుత్వం 11,062 పోస్టులకు డీఎస్సీ ప్రకటన ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో పదివేల మందికి పైగా నియామక పత్రాలు అందుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వెలువడింది. వీటికి తోడు గురుకుల నియామకాలు. ఈ జాబితాలన్నిటిలో మన సముదాయపు బిడ్డలూ ఉన్నారు. ప్రభుత్వోద్యోగాల్లో ముస్లింల వాటా వారి జనాభాతో పోలిస్తే ఎంత తక్కువో 2006లోనే సచార్ కమిటీ లెక్కలతో సహా చెప్పింది. అందువల్ల మనకు దక్కిన ప్రతి కొలువూ ఒక కుటుంబపు గెలుపు మాత్రమే కాదు, సముదాయపు ఆస్తి కూడా.

అయితే ఒక విచిత్రాన్ని మేము ఏళ్ల తరబడి గమనిస్తున్నాము. కొలువు సంపాదించడానికి మూడు నాలుగేళ్లు కోచింగ్ ఫీజులు కట్టి, పస్తులుండి కష్టపడే కుటుంబాలు, ఆ కొలువులో మొదటి ఆరు నెలలు నిలదొక్కుకోవడానికి ఒక కాగితం మీద లెక్క రాసుకోవడం లేదు. ఫలితంగా కొత్త ఊరికి వెళ్లిన ఉపాధ్యాయుడు తొలి జీతం చూడకముందే అప్పులపాలవుతున్నాడు. ఆడపిల్లల విషయంలో ఇంకా దారుణం. ఖర్చూ దూరమూ చూపి, వచ్చిన ఉద్యోగాన్నే వదిలించే పెద్దలు నేటికీ ఉన్నారు.

దూరం తప్పదు

డీఎస్సీ పోస్టులు జిల్లా స్థాయివి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం వాటిలో 95 శాతం స్థానికులకే. గురుకుల పోస్టులలో కొన్ని జోన్, మరికొన్ని మల్టీజోన్ స్థాయివి. సికింద్రాబాద్ ఉన్న చార్మినార్ జోన్‌లో హైదరాబాద్, మేడ్చల్–మల్కాజిగిరి, రంగారెడ్డిలతో పాటు సంగారెడ్డి, వికారాబాద్ జిల్లాలు ఉన్నాయి. అంటే చిలకలగూడలోనో, లాలాగూడలోనో, బొల్లారంలోనో పెరిగిన పిల్లకు తాండూరు రావచ్చు, నారాయణఖేడ్ రావచ్చు. మల్టీజోన్ పోస్టయితే గద్వాల దాకా వెళ్లవలసి రావచ్చు. 2016లో 71 పాఠశాలలతో మొదలై తరువాత 204కు విస్తరించిన మైనారిటీ గురుకులాలు రాష్ట్రమంతటా ఉన్నాయి. వాటిలో పనిచేయగోరేవారు పెట్టె సర్దుకోవడానికి సిద్ధపడవలసిందే. 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 ఎందరో ఉపాధ్యాయులను ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు పంపింది. భార్య ఒకచోట, భర్త ఒకచోట అయిన సంసారాలు నేర్పిన పాఠం ఒకటే: ఉపాధ్యాయ వృత్తిలో స్థానచలనం అనూహ్యమైన విపత్తు కాదు, ముందే లెక్కలో వేసుకోవలసిన ఖర్చు.

జీతం కాగితం చదవడం నేర్చుకుందాం

జీతాల బిల్లులు రాస్తూ ఉద్యోగ జీవితం గడిపిన గుమాస్తాలం కనుక ఈ విషయం కాస్త వివరంగా చెప్పే హక్కు మాకుందనుకుంటాము. 2020 పీఆర్సీ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనం 31,040 రూపాయలతో, స్కూల్ అసిస్టెంటుది 42,300తో మొదలవుతుంది. దీనికి కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. ఇంటి అద్దె భత్యం గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో 24 శాతం కాగా చిన్న మండల కేంద్రాల్లో 11 శాతమే. సెకండరీ గ్రేడ్ టీచరుకు నగరంలో సుమారు 7,450 వచ్చేచోట, పల్లెలో 3,414 మాత్రమే వస్తుంది. నెలకు నాలుగు వేల తేడా! నగరంలో పనిచేస్తున్న బంధువు జీతాన్ని కొలబద్దగా పెట్టుకుని లెక్కలు వేసేవారు ఇక్కడే బోల్తాపడతారు.

ఇక కోతలు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదు. మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పది శాతం సీపీఎస్ కింద పోతుంది. వృత్తి పన్ను 200, ప్రభుత్వ జీవిత బీమా, గ్రూపు బీమా వేరు. చేతికి వచ్చేది ఎంతో చూసుకున్న తరువాతే వాగ్దానాలు చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తొలి జీతం తేదీ. చేరిన నెలాఖరుకే జీతం పడుతుందని ఎవరూ నమ్ముకోరాదు. వైద్య ధ్రువపత్రం, సర్టిఫికెట్ల పరిశీలన, ఉద్యోగి గుర్తింపు సంఖ్య, సీపీఎస్ కోసం ప్రాన్ సంఖ్య, సర్వీసు రిజిస్టరు, బ్యాంకు ఖాతా వివరాలు, ఇవన్నీ పూర్తయి బిల్లు ట్రెజరీకి చేరాలి. వీటిలో ఒక్కటి ఆగినా ఆ నెల జీతం ఆగుతుంది. బకాయిలు తరువాత వస్తాయి గానీ ఇంటి యజమాని బకాయిల కోసం ఆగడు. తొలి నియామకంపై చేరేవారికి సాధారణంగా ప్రయాణ భత్యం కూడా ఉండదు. కనుక చేరిన వారంలోనే కాగితాలన్నీ మూడేసి ప్రతులు అందజేసి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. సీపీఎస్, బీమా పత్రాలలో నామినీ పేరును ఖాళీగా వదలరాదు.

రెండు పొయ్యిల సంసారం

ఒక ఉదాహరణ వేసుకుందాం. కొత్త ఊరిలో అద్దె నెలకు 6,000, తిండికి 5,000, రాకపోకలకు 2,000 అనుకుందాం. మూడు నెలలకు 39,000. రెండు నెలల అడ్వాన్సు 12,000. గ్యాసు పొయ్యి, పరుపు, పాత్రలకు 9,000. మొత్తం 60,000. తొలి జీతం కన్నా ముందే చేతిలో ఉండవలసిన పైకం ఇది. మీ ఊరిని బట్టి అంకెలు మార్చుకోండి. పద్ధతి మాత్రం మార్చుకోవద్దు.

ఈ లెక్క చూశాక కొన్ని నిర్ణయాలు సులువవుతాయి. మొదటి ఏడాది కుటుంబాన్నంతా తరలించకపోవడం, పిల్లల చదువు మధ్యలో తెంచకపోవడం, ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు కలిసి గది తీసుకోవడం మేలు. వికారాబాద్, తాండూరు వంటి చోట్లకు సికింద్రాబాద్ నుంచి రైలు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఉపాధ్యాయినులు వారానికోసారి ఇంటికి వచ్చిపోవడానికి ఇది చిన్న ఆసరా కాదు.

మరోవైపు, ఇంటివారి ఆశలకూ హద్దుండాలి. నియామక పత్రం రాగానే బంధువులందరికీ దావత్, చెల్లెలి నిఖా ఖర్చు, తమ్ముడి ఫీజు, పాత బాకీ, అన్నీ ఆ ఒక్క జీతం మీదే వేస్తాము. అబ్బాజాన్, అమ్మీజాన్ బాధ్యత బిడ్డలదే, కాదనము. కానీ మొదటి ఆరు నెలలు ఆ బిడ్డను నిలదొక్కుకోనివ్వడం పెద్దల బాధ్యత.

అప్పు ఎవరిచ్చారన్నది ముఖ్యం

అరవై వేలు లేని ఇల్లు ఏం చేస్తుంది? అమ్మ నగలు కుదువ పెడుతుంది, చీటీని నష్టానికి పాడుకుంటుంది, లేదా ఫోనులోని లోన్ యాప్‌కు వేలిముద్ర వేస్తుంది. వడ్డీని హరాం అని జుమా ఖుత్బాలో వింటూనే మన యువతను వడ్డీ వాకిట నిలబెడుతున్నాము. ఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయత్ అప్పును రాతపూర్వకం చేసుకోవడం గురించే అన్నది మనకు తెలియనిది కాదు. నిర్ణీత వేతనం ఖాయంగా రాబోయే ఉపాధ్యాయుడికన్నా ఖర్జె హసనాకు యోగ్యుడు ఎవరు? మస్జిద్ కమిటీలూ, వెల్ఫేర్ సొసైటీలూ ఒక చిన్న నిధి ఏర్పరచి, ఇద్దరు సాక్షులతో పత్రం రాసుకుని, పది నెలల వాయిదాల్లో తిరిగి తీసుకోవచ్చు. ఈ ఏడాది తీర్చినవారి సొమ్ము వచ్చే ఏడాది మరొకరికి దారి ఖర్చవుతుంది. జకాత్ సొమ్మును మాత్రం దీనితో కలపరాదు. దాని హక్కుదారులు వేరు.

అద్దె ఇల్లు, అడగవలసిన హక్కులు

డబ్బున్నా తీరని ఇబ్బంది ఒకటుంది. పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదు" అనే జవాబు. ముస్లింలకు అద్దె ఇళ్లు దొరకని పరిస్థితిని సచార్ కమిటీ సైతం నమోదు చేసింది. కొత్త ఊరిలోని మన జమాఅత్ పెద్దలు, ఉపాధ్యాయ సంఘాలు ముందుగా పలకరిస్తే ఈ అవమానం సగం తగ్గుతుంది. పాఠశాల ప్రధానోపాధ్యాయుల మాట కూడా ఊళ్లో చెల్లుతుంది, అడగడానికి సంకోచించరాదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. కొత్తగా చేరినవారి బిల్లులకు గడువు విధించి తొలి జీతం సకాలంలో ఇవ్వాలి. మండల కేంద్రాల్లో ఉపాధ్యాయినులకు వసతిగృహాలు కట్టాలి. రిజర్వుడు కోటాలో అభ్యర్థులు దొరకక ఏళ్ల తరబడి మిగిలిపోతున్న ఉర్దూ మాధ్యమ పోస్టులను జనరల్‌కు మార్చి భర్తీ చేయాలి. అవి భర్తీ అయితే మన పిల్లలకు దగ్గరలోనే కొలువులు దొరుకుతాయి, మన బడులకు పంతుళ్లూ దొరుకుతారు.

వీటిని సాధించడానికి సమయం పడుతుంది. ఈలోగా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. డీఎస్సీ కోచింగ్ నడిపే ప్రతి సంస్థా చివరి వారంలో ఒక పూట ఈ లెక్కలు నేర్పాలి. ప్రతి మొహల్లాలో పదవీ విరమణ పొందిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఉన్నారు. ఇషా తరువాత ఒక గంట కూర్చుని కొత్తవారి కాగితాలు సరిచూడడానికి వారికి ఖర్చేమీ కాదు. కొలువు తెచ్చుకున్న బిడ్డ ఆ కొలువులో పరువుగా నిలిచినప్పుడే మన హక్కుల పోరాటానికి అర్థం.