అటక మీది సి.డి.లు

ఇటీవల పదవీ విరమణ చేసి, క్వార్టర్ ఖాళీ చేసి స్వగ్రామానికి వెళ్లిన మిత్రులొకరు వెళ్తూ వెళ్తూ ఒక అట్టపెట్టెను మా ఇంట వదలినారు. అందులో నూరు సంగీతపు సి.డి.లున్నవి. "ప్లేయరు పాడై చాలాకాలమైంది. పారేయడానికి మనసొప్పలేదు. మీరేమైనా చేయగలరేమో చూడండి" అని వారి మాట. ఇటువంటి పెట్టె మన కాలనీలో ఎందరి ఇళ్లలోనో అటకపై ఉండే ఉంటుంది. అందుచేత ఈ మాసపు శీర్షికను సి.డి.లలోని సంగీతాన్ని కంప్యూటరుకు ఎక్కించి, పొందికగా అమర్చుకొనే విధానానికి కేటాయిస్తున్నాము.

మొదట కొంచెం లెక్క. 1982లో విపణిలోకి వచ్చిన సి.డి. విధానంలో ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా నమోదు చేస్తారు. కుడి, ఎడమ మార్గాలు రెంటికీ కలిపి సెకనుకు 1,76,400 బైట్లు. అంటే నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు, గంటకు 635 మెగాబైట్లు. గంటసేపు సాగే సి.డి.లు నూరున్నా, ఏ కుదింపూ లేకుండానే 128 గిగాబైట్ల పెన్‌డ్రైవులో సగం చాలును. కనుక స్థలాభావమన్నది ఇప్పుడు సమస్య కాదు. కొత్త కంప్యూటర్లలో సి.డి. డ్రైవు ఉండదు గాని, యు.ఎస్.బి. తీగతో తగిలించుకొనే డ్రైవు విడిగా దొరుకుతుంది.

సి.డి.ని మెత్తని గుడ్డతో మధ్య నుండి అంచు వైపునకు నిలువుగా తుడవవలెను. గుండ్రంగా త్రిప్పి తుడవరాదు. సమాచారం వలయాకారపు జాడలో ఉంటుంది గనుక, ఆ జాడ వెంబడి పడిన గీత ఎక్కువ హాని చేస్తుంది. జాడ వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల వరకు చెడినా, సి.డి.లోనే ఏర్పరచిన దోషనివారణ పద్ధతి దానిని పూర్తిగా సరిదిద్దగలదు. అంతకు మించితే ప్లేయరు ఇరుపక్కల కొలతలను బట్టి మధ్యది ఊహించి పూరిస్తుంది. మన చెవికి తేడా తెలియకపోవచ్చును. వినడానికి ఇది మేలే గాని, నకలు తీయడానికి కాదు. అందుచేత, అనుమానం కలిగిన చోట మరల మరల చదివి, ఇతరుల నకళ్లతో సరిపోల్చి చూచే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రామును వాడుట మంచిది. ఒక్కొక్క సి.డి.కి కొన్ని నిమిషాలు ఎక్కువ పట్టినా తొందరపడరాదు.

నకలును ఏ రూపంలో దాచవలెను? ఎం.పి.3 పద్ధతిలో చెవికి అంతగా పట్టని భాగాన్ని తొలగించి పరిమాణం తగ్గిస్తారు. తొలగించినది మరల రాదు. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతిలో ఒక్క బిట్టు కూడ పోకుండా, సాధారణంగా అసలు పరిమాణంలో సగం నుండి మూడింట రెండు వంతులకు కుదించవచ్చును. మూలప్రతిని ఫ్లాక్‌లో ఉంచుకొని, ఫోనుకో కారుకో కావలసినప్పుడు దాని నుండి ఎం.పి.3 తీసుకొనుట ఉత్తమం.

ఏవి ముందు ఎక్కించవలెనన్న విషయంలో మా అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. మా చెల్లెలి వివాహంలో అమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు ఒక క్యాసెట్టులో ఉండేవి. 2004లో ఒక దుకాణంలో వాటిని సి.డి.పైకి ఎక్కించినాము. సి.డి. చేతికి వచ్చినదన్న ధైర్యంతో క్యాసెట్టును మేమే పారవేసినాము. 2011లో అమ్మ గతించినది. నిరుడు ఆ సి.డి.ని డ్రైవులో పెట్టగా, పదకొండు పాటలలో మూడు ఎన్ని మార్లు ప్రయత్నించినా రాలేదు. కంపెనీలు అచ్చువేసి అమ్మిన సి.డి.లో సమాచారం ప్లాస్టిక్కుపై గుంటలుగా ఉంటుంది. ఇంటిలోనో దుకాణంలోనో వ్రాసిన సి.డి.లో అది రంగుపొరపై ఉంటుంది. ఎండకు, వేడికి, కాలానికి ఆ పొర చెడిపోతుంది. పైగా అచ్చు సి.డి. పోతే మరొకరి వద్ద ఉండవచ్చును. ఇది మన వద్ద తప్ప ఎక్కడా ఉండదు. ఈ మాట ముందే తట్టి ఉంటే ఆ మూడు పాటలు దక్కేవి. కనుక చేతివ్రాత పేర్లున్న సి.డి.లను ఈ వారమే తీయండి. మిగిలినవి నిదానంగా చేసుకోవచ్చును.

ఇక అమరిక. సి.డి.లో సాధారణంగా పాటల పేర్లుండవు. ఏ పాట ఎక్కడ మొదలవుతుందన్న పట్టిక మాత్రమే ఉంటుంది. దాని ఆధారంగా ప్రోగ్రాము ఇంటర్నెట్టులోని జాబితాల నుండి పేర్లు తెచ్చుకొంటుంది. మా పెట్టెలోని తెలుగు సి.డి.లకు కొన్నింటికి పేర్లే రాలేదు. వచ్చినవి తప్పులతో వచ్చినవి. ఇంగ్లీషులో త్యాగరాజస్వామి పేరును "టి" పక్కన "హెచ్" చేర్చి ఒకరు, చేర్చక ఒకరు వ్రాస్తారు. కంప్యూటరుకు వారు ఇద్దరు వాగ్గేయకారులు. ఒకే వర్ణక్రమాన్ని నిర్ణయించుకొని, ఒక కాగితంపై వ్రాసి, దానినే పాటించవలెను.

వరుస సంఖ్యలు 01, 02 అని రెండంకెలలో వేయవలెను. లేకున్న కొన్ని యంత్రాలలో 10వ పాట 2వ దానికంటె ముందు వస్తుంది. సంఖ్యలే లేకపోతే అక్షరక్రమమే గతి. పంచరత్న కీర్తనలకు రాగం పేరే పెట్టినామనుకొందాము. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అన్న సంప్రదాయక్రమం ఆరభి, గౌళ, నాటగా తలక్రిందులవుతుంది.

శాస్త్రీయ సంగీతానికి గాయకుడు, వాగ్గేయకారుడు, రాగం, తాళం అని నాలుగు గడులు కావలెను. ఫ్లాక్‌లో మనకు వలసిన గడులను మనమే చేర్చుకోవచ్చును. సినిమా పాటలను గాయకుని పేరిట విడదీస్తే చిత్రం చెదిరిపోతుంది. 1955 నాటి మిస్సమ్మ పాటలు ఎ.ఎం. రాజా పేర కొన్ని, పి. లీల పేర కొన్ని, పి. సుశీల పేర కొన్ని అవుతాయి. సంవత్సరం, చిత్రం పేరుతో ఫోల్డరు ఉంచి, గాయకులను, సంగీత దర్శకుడు ఎస్. రాజేశ్వరరావును, రచయిత పింగళి నాగేంద్రరావును గడులలో వ్రాయుట మేలు. కొన్ని కారు ప్లేయర్లలో తెలుగు అక్షరాలు కనబడవు గనుక ఫైలు పేరు ఇంగ్లీషులోను, లోపలి వివరాలు తెలుగులోను ఉంచినాము.

ఇంటి పాటలకు మాత్రం ఏ జాబితా సహాయపడదు. మిగిలిన ఎనిమిది పాటలనూ పిన్నికి వినిపించినాము. మూడవ పాటకు మేము అమ్మ పేరు వ్రాసి ఉంచినాము. ఆమె కొంతసేపు విని, "ఆ ఎత్తుకున్న గొంతు మీ అమ్మది కాదు నాయనా, మా పెద్దక్కది. మీ అమ్మ రెండో చరణంలో గానీ అందుకోలేదు" అన్నది. పిన్నికి ఇప్పుడు డెబ్బైతొమ్మిదేళ్లు. మరి కొన్నాళ్లు ఆలస్యం చేసి ఉంటే మా పెద్దమ్మ గొంతు అమ్మ పేరుతోనే ఉండిపోయేది, తప్పని చెప్పేవారుండరు.

చివరగా రెండు జాగ్రత్తలు. హార్డ్ డిస్కు కూడ ఒకనాడు చెడేదే. రెండు ప్రతులు తీసి, ఒకదానిని వేరొక ఇంట ఉంచవలెను. మాది మా చెల్లెలి ఇంట ఉన్నది. కొన్న సి.డి.ల నకళ్లు సొంతంగా వినడానికే గాని, పంచిపెట్టడానికీ అమ్మడానికీ కాదు. కార్యాలయపు కంప్యూటర్లకు ఈ పని పెట్టవద్దని వేరుగా చెప్పనవసరం లేదు.

మిత్రుల సి.డి.లు నూటిలో తొంబదియారు ఎక్కినవి. రానివాటిలో మూడు బజారులో దొరికేవే. నాలుగవ దానిపై "నాన్నగారు – హరికథ" అని చేతివ్రాత ఉన్నది. వారికి ఫోను చేసి, మూల క్యాసెట్టు గ్రామంలోని ఇంట ఎక్కడైనా ఉన్నదేమో వెదకమన్నాము. వెదకుచున్నారు. వచ్చే సంచికలో పాత క్యాసెట్లను కంప్యూటరుకు ఎక్కించు విధానం గురించి ముచ్చటించుకొందాము.